నేస్తం వాటా

మా ఆశ్రమ పాఠశాలలో ఈ ఎండాకాలం పిల్లల క్యాంపు పెట్టారు. విశాఖ నుంచి కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, ఆటలూ పాటలూ బొమ్మలూ నేర్పి, నిన్న వెళ్లిపోయారు. జీపు ఎక్కే ముందు వాళ్లలో ఒక అమ్మాయి వరండాలో కూర్చుని మా పిల్లల చేతులకు రంగు దారాలు కట్టడం మొదలుపెట్టింది. ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లట. నాలుగో తరగతి గుంట ఒకతె చెయ్యి చాపి, కళ్లార్పకుండా ఆ అమ్మాయి మొహంలోకే చూస్తోంది.

"మళ్లీ ఎప్పుడొస్తావప్పా?" అని అడిగింది.

"దసరాకి వచ్చేస్తాగా, ప్రామిస్" అంది ఆ అమ్మాయి ముడి బిగిస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు దసరాకి రావు. రానని చెప్పి కట్టు, లేకపోతే ఆ దారం విప్పెయ్" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగానే లేచినట్టుంది, వంటగదిలోంచి ఆయాలు కూడా బయటికి వచ్చారు. ఆ అమ్మాయి బిత్తరపోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. హెడ్మాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "మంచి మనసుతో వచ్చిన పిల్లలమ్మా, అంత కోపమెందుకు?" అన్నారు. మంచి మనసు సంగతి నాకు తెలుసు. దాని చేతి కిందే పెరిగాను నేను.

మా ఊరు అరకు దాటి బాగా లోపలికి, ఒడిశా గట్టు వైపు ఉంటుంది. నా చిన్నప్పుడు మా ఊరికి రోడ్డూ లేదు, బడీ లేదు. బుడ్డీ నేనూ కలిసి మేకలు కాసేవాళ్లం, అడ్డాకులు కోసేవాళ్లం. బుడ్డి మా పెదనాన్న కూతురు. నా ఈడుదే. అసలు పేరు వేరే ఉంది గానీ, పొట్టిగా ఉండేదని ఊరంతా అలాగే పిలిచేవారు. మనిషి పొట్టి, నోరు పొడుగు. మేకను అదిలించినా, మా నాయనమ్మను అదిలించినా దానికి ఒకే గొంతు. ఏ మాటనీ మధ్యలో వదిలే రకం కాదు. కందిరీగలు కుట్టాయని నేను ఏడుస్తుంటే, మర్నాడు పొద్దున్నే ఆ పట్టును వెతికి కాల్చి వచ్చి, తన మొహం కూడా వాపు తేలి, "ఇంక కుట్టవులే" అని నవ్విన మనిషి.

ఒక ఎండాకాలం బడి మొహం చూడని కొండ పిల్లలందరినీ ఊళ్లలోంచి పోగుచేసి, సంత దగ్గర పెంకుల షెడ్డులో క్యాంపు పెట్టారు. మూడు పూటలా తిండి పెడతారంటే మా వాళ్లు సరే అన్నారు. ఆకలి కాలం అది. చోళ్లు, అంటే రాగులు, అయిపోయి, ఇళ్లలో మామిడి టెంకల అంబలి కాచుకునే రోజులు. టెంకల జీడి వాగునీళ్లలో నానుతుంటే వచ్చే వగరు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ వాసన వదిలి జీపులో కూర్చున్నప్పుడు మాకు వచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు.

షెడ్డు దగ్గర జీపు ఆగగానే ఒకామె నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది. ఆడమనిషి ఈల వెయ్యడం మేమెప్పుడూ చూడలేదు. జీపులో ఏడుస్తున్న పిల్లలు కూడా ఏడుపు మానేశారు. ఆమే మా క్యాంపు అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. విజయనగరం వైపు మనిషి, డిగ్రీ చదివి కొత్తగా వచ్చింది. సన్నగా, నల్లగా, నవ్వితే చిగుళ్లన్నీ కనపడేలా ఉండేది. దగ్గరికొస్తే కొబ్బరినూనె వాసన, సబ్బు వాసన. మా తలలకు వలిసె నూనె కంపు కొట్టేది. అయినా ఆమె ఒక్కొక్కళ్ల తలా ఒళ్లో పెట్టుకుని పేలు తీసింది. మా అమ్మకు కూడా అంత ఓపిక లేదు.

పొద్దున్నే పళ్లపొడి ఇచ్చేవారు. గులాబీరంగు పొడి, తియ్యగా ఉండేది. మేము పళ్లు తోమకుండా నాకేసేవాళ్లం. బుడ్డి అయితే తన వంతు నాకేసి, పక్క గుంటడి అరచేతిలోది కూడా ఊది మరీ ఎగరగొట్టి, నేలమీద పడ్డది ఏరుకునేది. అప్ప పట్టుకుని, "ఏటే, పొడి తినేస్తే పళ్లు లోపల తోముకుంటాయేటి?" అంది. మైదానం మనిషి మా పక్క వాళ్లలా మాట్లాడేసరికి మేమంతా పడీ పడీ నవ్వాం. ఉప్మా మాత్రం మాకెవరికీ నచ్చలేదు. ఇసుక అని పేరు పెట్టి, షెడ్డు వెనక పనసచెట్టు మొదట్లో పూడ్చిపెట్టేవాళ్లం. చీమలు బారులు కట్టి మమ్మల్ని పట్టిచ్చాయి. అప్ప కోప్పడలేదు. మర్నాటి నుంచి ఉప్మా పూట పనసతొనలు పెట్టించింది.

ఆమె దగ్గరే నేను అక్షరాలు దిద్దాను, ఈల వెయ్యడం కూడా నేర్చుకున్నాను. ఇవాళ్టికీ మా బడి పిల్లల్ని ప్రార్థనకి పిలవాలంటే నోట్లో రెండు వేళ్లు పెడతాను. జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద ముందు చెయ్యి కాదు, చెంప ఆనించి చూస్తాను. అది కూడా ఆమెదే. క్యాంపు ఆఖర్న మా నాన్నను కూర్చోబెట్టి, బతిమాలి, నన్ను ఆశ్రమ పాఠశాలలో వేయించింది ఆమే. ఈ ఉద్యోగం, ఈ జీతం ఆమె చలవే. కాదనను. కాదనలేకే ఇంత కోపం నాకు.

ఒకరోజు మధ్యాహ్నం వాన పడి వెలిసింది. అందరం పనసచెట్టు కింద కూర్చున్నాం. "మీ ఊళ్లో ఏమేం చేస్తారో చెప్పండి" అని అడిగింది అప్ప. ఒకడు వేట సంగతి చెప్పాడు, ఒకతె థింసా ఆడి చూపించింది. బుడ్డి నేస్తం కట్టుకోవడం గురించి చెప్పింది. మాలో ఇద్దరు ఆడవాళ్లు గాని, ఇద్దరు మగవాళ్లు గాని ఒకళ్ల తలలో ఒకళ్లు పువ్వు పెట్టి, ఒకళ్ల నోట్లో ఒకళ్లు నాలుగు బియ్యపు గింజలు వేసి, పదిమంది ముందు నేస్తం కట్టుకుంటారు. ఆ తరవాత ఒకళ్ల పేరు ఒకళ్లు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. వేరే ఊరైనా, వేరే కులమైనా, మైదానం వాళ్లయినా సరే, ఆ రెండిళ్లూ అయినవాళ్ల ఇళ్లయిపోతాయి. ఒకళ్ల పెళ్లి రెండోవాళ్ల చెయ్యి పడకుండా జరగదు, చావూ జరగదు. తెంపుకోవడం అన్నది లేదు.

"ఎంత బాగుందే!" అంది అప్ప. కళ్లు మెరిశాయి. "అయితే మనిద్దరం కట్టుకుందాం రా."

ఆమెకది ఆట అని మాకు అర్థమైంది. ఆట కాదని ఆమెకు చెప్పే నోరు మాకెవరికీ లేదు. బుడ్డి లేచి నిలబడింది. దాని మొహంలో నవ్వు లేదు. గోడవతల బంతిపూలు రెండు కోసుకొచ్చింది, వంటావిడ దగ్గర బియ్యం గింజలు అడిగి తెచ్చింది. అప్ప తలొంచి పువ్వు పెట్టించుకుంది, నోరు తెరిచి గింజలు వేయించుకుంది. తను కూడా అలాగే చేసి, బుడ్డి బుగ్గలు పుణికి, "ఇంక నువ్వు నా నేస్తానివి" అంది. పిల్లలందరి చేత చప్పట్లు కొట్టించింది.

కబురు ఊరికి చేరింది. ఆ వారం సంతకి మా నాయనమ్మ కోడిపుంజునీ, ఎక్కడో అప్పు తెచ్చిన చోళ్ల మూటనీ మోసుకుని క్యాంపుకొచ్చింది. కొత్త నేస్తాన్ని చూడ్డానికి ఇంటి పెద్ద ఒట్టి చేతులతో రాకూడదు.

"అయ్యో, ఇవన్నీ ఎందుకు మామ్మా?" అంది అప్ప.

"ఎందుకేటి? నువ్విప్పుడు మా గుంటవి. మా ఇంట ఏ కొత్తయినా నీ వాటా నీకుంటాది. నువ్వొచ్చి తినాల" అంది నాయనమ్మ.

అప్ప వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆ పుంజును ఆ రోజే కోయించి పిల్లలందరికీ పెట్టింది. నాయనమ్మ తిరుగుదారిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి, మైదానపు పిల్ల తన కాళ్లకు మొక్కిందని చెప్పుకుంటూ వెళ్లింది.

క్యాంపు ఎత్తేసే రోజు అందరం ఏడ్చాం, అప్ప మరీ ఏడ్చింది. మా పెదనాన్న బుడ్డిని చదువుకి పంపనన్నాడు. మేకలు ఎవరు కాస్తారన్నాడు. "వచ్చే మామిడి కొత్తకి మీ ఊరొస్తాను. మీ నాన్నతో నేనే మాట్లాడి నిన్ను బళ్లో వేస్తాను. అందాకా ఆగు నేస్తం" అని బుడ్డిని గుండెలకు హత్తుకుంది. అందులో కపటమేమీ లేదు. ఆ క్షణాన వస్తాననే అనుకుంది.

కొత్త అంటే ఆ యేటి పంటను ముందు దేవతకు పెట్టి, తరవాత ఇంటిల్లిపాదీ తినే పండగ. అది అయ్యేదాకా చెట్టు కింద రాలిన మామిడికాయను కూడా మా ఊళ్లో ఎవరూ ముట్టరు. మరుసటి యేడు మామిడి కొత్తకి నేను బడి నుంచి ఇంటికొచ్చాను. పెదనాన్న ఇంట్లో దేవతకి పెట్టిన ఆకు పక్కన ఇంకో అడ్డాకు వేసి, మామిడి ముక్కలూ, బెల్లమూ, సామ అన్నమూ పెట్టారు. నేస్తం వాటా. బుడ్డి తలకు నూనె రాసుకుని, పొద్దున్నే కొండ దిగి, జీపులు ఆగే మలుపు దగ్గర కూర్చుంది. నేనూ దానితో కూర్చున్నాను. సంత జీపు వచ్చింది, కట్టెల లారీ వచ్చింది, పోలీసు జీపు కూడా వచ్చింది. ఎండ నెత్తిమీదికొచ్చాక, "ఆకలేస్తోంది, ఎల్లిపోదామే" అన్నాను.

"నేస్తం తినకుండా నేనెలా తింటాను? నువ్వెల్లు" అంది.

సాయంత్రం ఆ ఆకు తీసి ఆవుకి పెట్టారు. అప్పుడు తింది బుడ్డి.

కొర్ర కొత్తకీ అంతే. చిక్కుడు కొత్తకీ అంతే. మళ్లీ మామిళ్లు కాశాయి. ఒక యేడు నాయనమ్మ పోయింది. పోయే ముందు కూడా, "ఆ గుంట వొస్తే నా కంచు గిన్నెలో ఎట్టండి, ఆకులో ఎట్టకండి" అని చెప్పింది. మొదట్లో ఊరు బుడ్డిని చూసి జాలిపడింది, తరవాత నవ్వింది, తరవాత అలవాటు పడిపోయింది. నాకు చదువు వచ్చే కొద్దీ సిగ్గు వేసేది. సెలవులకి వచ్చి, "ఆవిడకి అది ఆటే. మరిచిపోయుంటుంది" అని చెప్పేదాన్ని. "మరిసిపోతే పోనీ. నేను మరిసిపోనేదు కదా" అనేది.

పెళ్లీడు వచ్చింది. పక్క ఊరి అబ్బాయి, నెమ్మదైనవాడు, సంతలో దాన్ని చూసి ఇష్టపడ్డాడు. బుడ్డికీ ఇష్టమే. ఆ రోజుల్లో దాని మొహం చూస్తే తెలిసిపోయేది. ఎప్పుడూ అరిచే మనిషి గొంతు తగ్గించి మాట్లాడేది. అయితే పెళ్లికూతురికి మొదటి పసుపు నేస్తమే రాయాలి. మా నాన్న అప్ప కోసం విజయనగరం దాకా వెళ్లాడు. అప్ప అసలు పేరు మాలో ఎవరూ అడిగి ఉండలేదు. అంత పెద్ద ఊళ్లో, క్యాంపుల్లో చదువు చెప్పే సన్నపాటి పిల్ల అంటే ఎవరు చెబుతారు? క్యాంపు నడిపినవాళ్లు ఎప్పుడో జెండా ఎత్తేశారు. తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

పెదనాన్న దిసారిని పిలిపించాడు. దిసారి అంటే మా ఊరికి ముహూర్తాలూ, కట్టుబాట్లూ చెప్పే పెద్ద. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"పోయినోళ్లయితే దారుంది. నేస్తానికి దినం ఎట్టి, నీళ్లొదిలీసి, ఏరే సేత్తో పసుపు రాయించుకోవొచ్చు. బతికున్నోళ్లకి దారి నేదు" అన్నాడు.

"అయితే దినం ఎట్టీ. ఎవులికి తెలుస్తాది?" అంది పెద్దమ్మ.

బుడ్డి రోలు దగ్గర సామలు దంపుతోంది. రోకలి ఆపింది. "బతికున్న మనిసికి దినం ఎట్టమంటారేటి?"

"బతికుందో సచ్చిందో నీకేటి తెలుసే? ఎక్కడో మైదానంలో ఉంది. దానికి తెలుస్తాదేటి?"

"తనకి తెలీదు. నాకు తెలుస్తాది కదా."

పెద్దమ్మ ఏడ్చింది, తిట్టింది, కూడు మానేసింది. నేను బడినుంచి పరుగెత్తుకొచ్చి చదువుకున్న మాటలన్నీ చెప్పాను. ఆ అబ్బాయి కూడా వచ్చి రోలు పక్కన కూర్చుని, "నీ ఇష్టం గానీ, మా అమ్మ ఇంకెన్నాళ్లు ఆగుతాది?" అన్నాడు. బుడ్డి తలెత్తలేదు. "వొచ్చే మామిడి కొత్త దాకా ఆగు. వొస్తానంది" అంది. వాడు ఆగాడు. ఆ మామిడి కొత్త దాకా కాదు, ఇంకో మామిడి కొత్త దాకా ఆగాడు. తరవాత వాళ్లమ్మ వాడికి వేరే గుంటను చేసింది. ఆ పెళ్లి డప్పులు మా కొండకి వినపడుతుంటే, బుడ్డి అడ్డాకులు కుడుతూ కూర్చుంది, కుట్టినవి కుట్టినట్టే వంకరగా పోయాయి. క్యాంపు ఎత్తేసిన రోజు తరవాత దాని కన్నీళ్లు నేను చూసింది ఆ ఒక్క రోజే.

ఆ తరవాత దానికి మళ్లీ పెళ్లి మాట రాలేదు. తల్లీ తండ్రీ పోయాక అన్న ఇంట్లో ఉండి, కాఫీ తోటల్లో కూలికి వెళ్లి, పళ్లు కోసి, కలుపు తీసి, మనిషి అరిగిపోయింది. కొత్తలు మాత్రం మానలేదు. ఒక ఆకు వేసేది. నేను టీచరునయ్యాను, నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఒకే చెట్టు కింద ఒకే మనిషి మా ఇద్దరి నెత్తిమీదా చెయ్యి వేసింది. నాది ఇలా అయింది, దానిది అలా అయింది. ఎందుకో ఎవరైనా చెప్పగలిగితే వినాలని ఉంది.

పోయిన యేడు పాడేరులో మాకు ట్రైనింగు. పిల్లల క్యాంపులు ఎలా నడపాలో ఒక పెద్దావిడ తెర మీద కనిపించి చెప్పింది. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు. మధ్యలో ఏదో మాటకి నవ్వింది. చిగుళ్లన్నీ కనిపించాయి. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

నంబరు సంపాదించేసరికి వానలు పడ్డాయి. అప్పటికే బుడ్డికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, ఆసుపత్రిలో ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. అన్న ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చోబెడితే కూర్చునేది. దానికి చెప్పి, ఊరి పైన సిగ్నలు అందే బండ ఎక్కి ఫోను చేశాను.

"చెప్పండమ్మా" అంది ఆ గొంతు. అదే గొంతు. ఊరు చెప్పాను, పెంకుల షెడ్డు చెప్పాను, పనసచెట్టు చెప్పాను, పళ్లపొడి చెప్పాను. ఆమె సంతోషంగా వింది. "టీచరయ్యారా! ఎంత మంచి మాట చెప్పారమ్మా. కాకపోతే చాలా క్యాంపులు చేశాను, పిల్లల మొహాలన్నీ గుర్తుండవు" అంది. బుడ్డి సంగతి చెప్పాను. బంతిపువ్వు, బియ్యపు గింజలు చెప్పాను. "నేస్తమా... గుర్తు రావడం లేదమ్మా, నిజంగా. కానీ ఎంత చక్కటి ఆచారం! మా వాలంటీర్లకి చెబుతాను. ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకోండి" అంది. ఆమె గొంతులో తడి ఉంది, అబద్ధం లేదు. తిట్టాలని ఎక్కాను. ఏమని తిట్టను? వర్షం ఎక్కువై లైను తెగిపోయింది.

దిగి వచ్చేసరికి బుడ్డి గుమ్మం వైపే చూస్తోంది. దాని అన్న పక్కనే ఉన్నాడు.

"ఏటంది?"

అబద్ధం చెబుదామని దారంతా అనుకున్నాను. దాని కళ్లు చూశాక నోరు రాలేదు. "నువ్వు గుర్తు లేవంది బుడ్డీ. మనమెవరో ఆవిడకి గుర్తు లేదు" అన్నాను.

కాసేపు దగ్గింది. దగ్గు తగ్గాక దాని మొహం విచ్చుకుంది.

"అయితే బతికే ఉందన్నమాట" అంది. "సూసినావా? దినం ఎట్టమన్నారు అందరూ. ఎట్టుంటే ఎంత తప్పైపోను!"

అంత తృప్తిగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ వారంలోనే పోయింది.

వానలో పెద్దగా ఎవరూ రాలేదు. గొయ్యిలో, ఒంటిమీద పాత చీరతో దాన్ని పడుకోబెట్టారు. నేను తెల్లగుడ్డ ఒకటి కొనుక్కెళ్లాను. విప్పి కప్పబోతుంటే దాని అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నావు? ఒంటి మీది గుడ్డ నేస్తమే కప్పాల."

"ఆవిడ రాదన్నా. నేను కప్పుతాను."

"నేస్తం పోయుంటే మనలో ఎవులైనా కప్పొచ్చు. బతికే ఉందని నువ్వే కదా ఒచ్చి సెప్పినావు. అది కూడా ఇన్నాది. అది పాటించింది నేనెలా తప్పీను?"

అన్న కళ్లలో కూడా నీళ్లే. నేను గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాను. అందరం ఇంకాసేపు కొండ దారి వైపు చూస్తూ నిలబడ్డాం, ఎవరూ రారని తెలిసే. తరవాత మట్టి పొయ్యడం మొదలుపెట్టారు. అది నేరుగా దాని మొహం మీద పడింది.